‘ఖట్’మనే ఆవాజ్ వెనుక తారీఖ్

పాత షాఫ్ట్ బండిలో గేరు వేయగానే వెనుక నుంచి ‘ఖట్’మంటే, మన మొదటి షక్ గేర్‌బాక్స్ మీదే. దాన్ని విప్పితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. విప్పేముందు బండి తారీఖ్ తెలుసుకోండి.

1923లో మాక్స్ ఫ్రిజ్ రూపొందించిన బీఎండబ్ల్యూ ఆర్32లో చైన్ లేదు, షాఫ్టే. వెనుక చక్రానికి సస్పెన్షన్ లేదు కనుక షాఫ్ట్ ఊగే అవసరమే లేదు. రబ్బరు కప్లింగ్ సరిపోయింది. 1955లో ఆర్50, ఆర్69లకు స్వింగ్ ఆర్మ్ వచ్చింది. షాఫ్ట్ అందులోకి చేరి నూనెలో తిరిగింది. గేర్‌బాక్స్ దగ్గర ఒక యూనివర్సల్ జాయింట్. 1987లో ఆర్100జీఎస్‌కు పారాలీవర్ పెట్టారు. యాక్సిలరేటర్ ఇస్తే బండి వెనుక భాగం లేవడం తగ్గింది. కానీ జాయింట్లు రెండయ్యాయి, షాఫ్ట్‌కు నూనె లేదు. సుకూన్‌తో పాటు అరిగే చోట్లూ పెరిగాయి.

ఇక పరీక్ష. ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, వెనుక చక్రాన్ని చేత్తో అటూ ఇటూ కదపండి. కొంత లూజు గేరు పళ్లకు సహజమే. గేర్‌బాక్స్ దగ్గరి రబ్బరు తొడుగు జరిపి చూడండి (నూనె ఉండే మోడల్‌లో ముందు దాన్ని దింపాలి). జాయింట్‌కు ఒక వైపు కదిలాక రెండో వైపు ఆలస్యంగా కదిలితే ముజ్రిమ్ అదే. అది రోడ్డు మీద విరిగితే సఫర్ అక్కడే ఆగుతుంది. ఆవాజ్ చిన్నగా ఉన్నప్పుడే మరమ్మత్ చేయించండి.