వెండి రేకు కింద ఎరుపు

పొయ్యి దగ్గరకి జరగండర్రా. ఈ వాన ఇప్పట్లో వెలిసేలా లేదు. పొట్టు పొయ్యి ఒకసారి గట్టిగా దిమ్మించి అంటిస్తే అర్ధరాత్రి దాకా అలా రగులుతూనే ఉంటుంది. ఈ అండమాన్ చాతం సామిల్లులో బతికినోడికి ఏది కరువైనా రంపపు పొట్టుకి కరువుండదు. పడౌక్ దుంగ కోసిన రోజు ఆ పొట్టు చెమటకి అంటి మెడంతా కుంకుమ పూసినట్టయ్యేది. బనియన్లు ఉతకలేక మీ నాయనమ్మ నన్ను తిట్టని రోజు లేదు.

అటక మీది పెట్టె ఏటని పొద్దున అడిగారు కదా. మా మామ్మ దాన్ని వలందా పెట్టె అనేది. వలందావాళ్ళంటే హాలెండువాళ్ళు, డచ్చివాళ్ళు. 1605లో బందరులో దిగారు. అక్కడి వలందపాలెం పేరు వాళ్ళ వల్ల వచ్చిందే. మన భీమిలిలో కోట కట్టుకున్నారు. 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి పోయారు గానీ, వాళ్ళ సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. మన గుడ్డలు ఓడలకెత్తి తూర్పు దీవులకి పట్టుకెళ్ళి, లవంగాలకీ జాజికాయలకీ మార్చుకునేవారు.

(పక్కింటాయన నికోబార్ కూడా డచ్చివాళ్ళదే అంటాడు. కాదు. వాళ్ళు డేనులు. 1868లో ఆ దీవుల్ని ఇంగ్లీషువాళ్ళకి వదిలేశారు. ఈ మాట ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.)

ఆ తూర్పు దీవుల్లో డచ్చివాళ్ళకి పెద్ద పట్నం బటావియా. ఇప్పటి జకార్తా. అక్కడి దొరల ఇళ్ళ ఆడవాళ్ళు మనలాగే ఆకూ వక్కా నమిలేవారు. చర్చికెళ్తే వెనకాల బానిస పిల్ల తాంబూలం పెట్టె పట్టుకుని నడవాలి. ఆ పెట్టెకి వెండి మూలరేకులు, వెండి మడతబందులు, తాళం చుట్టూ ఆకులా కోసిన వెండి రేకు. ఎవరి రేకు ఎంతుందో వీధంతా చూసేది. ఈ ఆడంబరం ఎంత ముదిరిందంటే, ఎవరి హోదాకి ఎంత దర్జా చెల్లుతుందో 1754లో మోసెల్ అనే గవర్నర్ జనరల్ ఏకంగా చట్టమే చేశాడు. అయితే వెండి అంతా డాబు కోసమే కాదు. సముద్రపు గాలికి ఇనుము ఎన్నాళ్ళుంటుంది? మన జెట్టీ మీద మేకులు చూడండి.

మా పెట్టెకీ అలాంటి రేకులుండేవి. పండక్కి మామ్మ విభూదితో తోమేది. నేను ఇక్కడికి బయల్దేరిన ఏడు ఇంట్లో గడవక వాటిని పీకి ఒక షావుకారుకి తూకానికి అమ్మేశారు. కర్ర పెట్టె మాకొద్దన్నాడు. అందులో రెండు లుంగీలు సర్దుకుని, గుడ్డలో చుట్టుకుని ఓడెక్కాను.

సామిల్లులో నాకు పని నేర్పిన ముసలి వడ్రంగి దాన్ని చూసి ముందు మూత ఎత్తలేదు. రేకు ఊడిన చోట బొటనవేలితో రుద్దాడు. పెట్టంతా గోధుమ రంగు. తాళం దగ్గర మాత్రం ఆకు ఆకారంలో ఎర్రగా, అప్పుడే కోసినట్టుంది. "మన జాతి కర్రే" అన్నాడు. పడౌక్ వెలుతురు తగిలేకొద్దీ ఎరుపు వదిలి గోధుమకి తిరుగుతుంది. రేకు కప్పిన చోట వెలుతురు సోకదు. అంబోయినా దీవి పడౌక్, మన అండమాన్ పడౌక్, కడప ఎర్రచందనం, కొండల్లో ఏగిస, అన్నీ ఒక తల్లి పిల్లలు.

1883 నాటి మిల్లు మాది. 1942లో జపానువాళ్ళు బాంబులేసిన గుంట ఇంకా ఆ ఆవరణలోనే ఉంది. అంత మిల్లులో, అన్ని దుంగల మధ్య, ఆ ముసలాయన నా చేతి పెట్టె కర్రని ఒక్క మచ్చ చూసి పోల్చాడు. షావుకారు తక్కెడలో పెట్టింది వెండిని. తక్కెడకి రానిది నాకు మిగిలింది.

ఆ మచ్చ ఇప్పుడు వెతక్కండి, ఇన్నేళ్ళ వెలుతురుకి అదీ గోధుమైపోయింది. మీరెప్పుడైనా పాత సామాను కొట్టులో వెండి కట్ల పడౌక్ పెట్టె కొంటే మాత్రం, ఒక రేకు అంచు ఎత్తి చూడండి. కింద కర్ర రంగు పైదానిలాగే ఉంటే ఆ రేకు నిన్న మొన్న కొట్టింది.

ఇక మా పెట్టె సంగతి. నేను పోయాక దానికి పాలిష్ పెట్టించకండి, కొత్త రేకులు వేయించకండి. ఆ మేకుల కన్నాలు అలాగే ఉండనివ్వండి.