రహీం మాస్టారి బడి

కొత్తగూడ కూడలి నుండి గచ్చిబౌలి వైపు సాగిపోతే, అద్దాల మేడల నడుమ బాలయోగి క్రీడాప్రాంగణపు దీపస్తంభాలు కానవస్తాయి. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలకు వేదికగా నిలిచిన ఆ ప్రాంగణం, 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. అనే వృత్తి ఫుట్‌బాల్ జట్టుకు సొంతగూడయింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకున్నది. జట్టు తరలిపోయిన బాధ ఉండనే ఉన్నది. అంతకంటె నన్ను వేధించిన ప్రశ్న మరొకటి. ఆటను నేర్పినవారు ఈ నేలకు ఏమి మిగిల్చి వెళ్ళారు?

ముందు మాట పుట్టుక చూద్దాం. అది నా పాత అలవాటు, మిత్రులు మన్నించాలి. ‘కోచ్’ అన్నది హంగరీలోని ఒక గ్రామం పేరు. అక్కడ తయారైన గుర్రపుబండికి ఆ పేరే వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డు విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే అధ్యాపకుణ్ణి వేళాకోళంగా ‘కోచ్’ అన్నారు. ఆటలవారు ఆ మాటను అందుకొన్నది ఆ తరువాతనే. మన ‘శిక్షకుడు’ కూడ అటువంటివాడే. వేదాంగాలలో ‘శిక్ష’ అంటే ఉచ్చారణ నేర్పే శాస్త్రం. దండన అన్న అర్థం వాడుకలో బలపడింది. అంటే రెండు మాటలూ మైదానానికి బడినుండి వచ్చినవే.

మన నగరంలో ఆ మాటే కాదు, మనిషి కూడ బడినుండే వచ్చాడు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొందాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టి 1963లో మరణించేవరకు విడువలేదు. ఆయన చేతిలో ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

నేటి వృత్తి జట్టుకు శిక్షకవర్గం ఒక చిన్న కార్యాలయమంత ఉంటుంది. ప్రధాన శిక్షకుడు, సహాయకులు, గోల్‌కీపర్లకు వేరొకరు, దేహదార్ఢ్యానికి ఒకరు, వీడియోలు విశ్లేషించేవారు ఒకరు, ఫిజియో ఒకరు. రహీం నాటికి ఈ పనులలో పెక్కు ఒక్క మనిషి తలలోనే ఉండేవి. ఎడమకాలు వాడని పిల్లవానికి ఎడమకాలు అలవాటు కావాలంటే ఉపన్యాసం ఎందుకు? బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో ఆయన పోటీలు నడిపాడు. బంతిని దగ్గర పెట్టుకొని సాము చేసేవారి కోసం, ఒక్క తాకుతోనే అందించాలన్న నియమంతో మరికొన్ని. పాఠాన్ని ఆటగా మార్చిన బడిపంతులు బుద్ధి అది. అమ్ముగూడ పేదబిడ్డ తులసీదాస్ బలరాం సాధనకు రావడానికి దారిఖర్చు లేదంటే, సైకిలు అద్దెకు డబ్బిచ్చి రప్పించుకొన్నాడు. పిల్లవాడు బడికి ఎందుకు రాలేదని అడిగి ఊరకుండక, వచ్చే దారి చూపినవాడే గురువు.

ఆయన శిక్షణలోని భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకీలో పెక్కుమంది వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానం పొందింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలైనవారు మన ఊరివారే. 1962 జకార్తా నాటికి మాస్టారి దేహాన్ని క్యాన్సరు తొలిచివేస్తున్నది. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ముందువరుసకు జరిపి ఆడించాడు. అతడు సెమీఫైనల్‌లోను, ఫైనల్‌లోను గోలు చేశాడు. లక్షమంది ఎదిరిజట్టు పక్షాన కేకలు వేస్తుండగా భారత్ 2-1తో దక్షిణ కొరియాను గెలిచింది. 1963 జూన్ 11న రహీం కన్నుమూశాడు.

ఆ పిదప? 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ ట్రోఫీ మరల మన రాష్ట్రాల వైపు చూడలేదు. రహీం విద్య నశించిందా అంటే, నశించలేదు, ఊరు మారింది. ఆయన శిష్యుడు పి.కె.బెనర్జీ కలకత్తా జట్లకు గొప్ప శిక్షకుడయ్యాడు. మన నగరంలోనే పుట్టి, 1990లో ద్రోణాచార్య పురస్కారం పొందిన సయ్యద్ నయీముద్దీన్ పేరు కూడ శిక్షకుడుగా కలకత్తాలోనే మ్రోగింది. గురువు ఇక్కడివాడు, బడి మాత్రం అక్కడ.

హైదరాబాద్ ఎఫ్.సి. కథ దీనికి తలక్రిందులు. ఇక్కడ శిక్షకవర్గం నిండుగా ఉన్నది. తొలి ఏడు ఇంగ్లండు దేశీయుడు ఫిల్ బ్రౌన్‌తో మొదలై జట్టు అట్టడుగున నిలిచింది. 2020లో స్పెయిన్ నుండి వచ్చిన మనోలో మార్కెజ్ యువకులను నమ్మి జట్టును నిలబెట్టాడు. తంగ్బోయి సింగ్టో, షమీల్ చెంబకత్ వంటి మనదేశపు శిక్షకులు తోడుగా ఉన్నారు. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీలలో గెలిచి ఐ.ఎస్.ఎల్. కప్పు అందుకొన్నారు. అయితే, కోవిడ్ కారణంగా ఆ ఏటి ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. విజేతగా నిలిచిన ఏడు గచ్చిబౌలి గడ్డ తన జట్టు ఆటను ఒక్కనాడూ చూడలేదు! 2023లో మార్కెజ్ గోవాకు వెళ్ళాడు. ఆర్థికమైన ఇక్కట్లు చుట్టుముట్టి, 2023-24లో జట్టు మరల అట్టడుగుకు జారింది. 2024 సెప్టెంబరులో మార్కెజ్ భారత జట్టు శిక్షకుడుగా అదే గచ్చిబౌలికి వచ్చి, మారిషస్‌తో గోలు లేకుండ సరిపుచ్చుకొని, సిరియా చేతిలో 0-3తో ఓడాడు.

మార్కెజ్‌ను నేను తప్పుపట్టను. ఒప్పందానికి వచ్చినవాడు ఒప్పందం తీరగానే వెళతాడు. రహీం వంటివాడు కాలం తీరగానే వెళతాడు. ఒకరికి పరివారం ఉన్నది, వేరు లేదు. మరొకరికి వేరున్నది, పరివారం లేదు. ఇద్దరూ వెళ్ళిన తరువాత ఇక్కడ మిగిలింది ఒక్కటే, ఖాళీ.

నాలుగు దశాబ్దాలు సుద్దముక్క పట్టినవానిగా నాకు తోచినది చెబుతాను. గురువుకు నిజమైన వారసుడు మేటి శిష్యుడు కాదు, మరుసటి గురువు. బాగా ఆడే పదకొండుమందిని తయారుచేయడం విజయం. బాగా నేర్పే ఇద్దరిని తయారుచేయడం సంప్రదాయం. ఆ పని మొదలయ్యేది బాలయోగి ప్రాంగణంలో కాదు, బడిలో, మనం డ్రిల్లు మాస్టారని తేలికగా తీసివేసే వ్యాయామోపాధ్యాయుని దగ్గర. ఆయన పీరియడును లెక్కల కోసం, సైన్సు కోసం అడిగి పుచ్చుకొన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. 2024లో రహీం జీవితంపై ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చినప్పుడు, ఆయన కూడ ఒక బడిపంతులే కదా అన్న తలపుతో ఆ పీరియడులన్నీ గుర్తుకు వచ్చాయి. ఎన్నింటిని తిరిగి ఇవ్వగలను?

స్వస్తి.