లండన్ గదిలో స్వయంపాకం: విద్యార్థి గాంధీ భోజన విధానం – ఒక పరిశీలన

1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కేనాటికి మోహన్‌దాస్ కరంచంద్ గాంధీకి పంతొమ్మిదేళ్ళు నిండలేదు. మద్యమాంసాలు ముట్టనని తల్లికి చేసిన ప్రమాణం లండన్‌లో మొదట ఆకలిగానే పరిణమించింది. ఇంటి యజమానురాలు వడ్డించే ఉప్పూకారం లేని ఉడికిన కూరలు గొంతు దిగేవి కావు. మరో రొట్టెముక్క అడగడానికి బిడియం అడ్డు వచ్చేది. ఫారింగ్డన్ వీధిలో శాకాహార భోజనశాల కనిపించిన రోజునే ఆయన ఆ దేశంలో కడుపునిండా తిన్నారు. అక్కడే హెన్రీ సాల్ట్ శాకాహార సమర్థన గ్రంథాన్ని ఒక షిల్లింగుకు కొన్నారు. అంతవరకు ప్రమాణంగా ఉన్న శాకాహారం ఆ పుస్తకంతో ఆయనకు సొంత నమ్మకంగా మారింది.

స్వయంపాకం మాత్రం వెంటనే మొదలు కాలేదు. ఈ కాలక్రమాన్ని గమనించాలి. న్యాయవిద్యతోపాటు లండన్ మెట్రిక్యులేషన్‌కు కూర్చున్న గాంధీ 1890 జనవరిలో లాటిన్‌లో తప్పారు. రెండో ప్రయత్నానికి సిద్ధమవుతూ రెండు గదులు వదిలి ఒక్క గదిలోకి మారారు, ఒక స్టవ్ కొన్నారు. ఉదయం ఓట్స్ జావ, కోకో. మధ్యాహ్నం బయట భోజనం. రాత్రి గదిలోనే రొట్టె, కోకో. ఉదయపు వంటకు పట్టే సమయం ఇరవై నిమిషాలు. రోజు ఖర్చు ఒక షిల్లింగు మూడు పెన్నీలు, అంటే సాల్ట్ పుస్తకం వెల కన్నా మూడు పెన్నీలే ఎక్కువ. జూన్‌లో పరీక్ష గట్టెక్కింది. దీన్ని కేవలం భావి మహాత్ముని వైరాగ్యానికి అంకురంగా చదవడం తొందరపాటు. అన్నగారు పంపే డబ్బు మీద బెంగ, తరుముకొస్తున్న పరీక్ష ఈ మార్పుకు తక్షణ కారణాలు. గదివంట ఆయనకు డబ్బుతోపాటు చదువుకునే గంటలనూ మిగిల్చింది.

ఆ జావలో లోటు ఎక్కడుందో నారాయణ్ హేమచంద్ర పట్టుకున్నాడు. చొక్కా, ధోవతులతో లండన్ వీధుల్లో తిరగడానికి వెనుదీయని ఈ గుజరాతీ రచయిత కూడా తన గదిలో తానే వండుకునేవాడు. పప్పు లేనిదే ఆయనకు ముద్ద దిగదు. గాంధీ ఇంగ్లీషు పద్ధతిలో కాచిన క్యారెట్ సూప్ రుచి చూసి ఆయన అభిరుచికి జాలిపడ్డాడు. ఒకరోజు ఎక్కడో వెతికి పెసలు సంపాదించి, వండి, గాంధీ గదికే తెచ్చాడు. గాంధీ వాటిని ఎంతో ఇష్టంగా తిన్నారు. అప్పటినుంచి ఇద్దరి మధ్య వంటకాల ఇచ్చిపుచ్చుకోలు సాగింది. మసాలాలపై మోజు తగ్గిందని రాసుకున్న మనిషి పెసల దగ్గర పొందిన ఆనందాన్ని దాచుకోకపోవడం విశేషం.

అదే కాలంలో తెలుగు పట్టణాల్లో పేద బ్రాహ్మణ విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకునేవారు. రోజుకొక ఇంట భోజనం దొరికేది గాని ఏం తినాలన్నది వారి చేతిలో ఉండేది కాదు. గదిలో సొంత స్టవ్ ఉన్న విద్యార్థికి ఆ నిర్ణయం దక్కింది. పిండిపదార్థాలు మాని చూడడం, కొన్నాళ్ళు రొట్టె, పండ్లతో గడపడం, గుడ్లు తిని మళ్ళీ తల్లి మాట గుర్తొచ్చి మానేయడం వంటి ప్రయోగాలు వారాల విద్యార్థికి ఊహకందనివి.

1893–94లో ప్రిటోరియాలో ఉండగా గాంధీ లండన్ వెళ్ళే భారతీయ విద్యార్థుల కోసం ఒక మార్గదర్శిని రాశారు. ఏ పూట ఏం తినాలో, దానికి ఎంత ఖర్చవుతుందో అందులో లెక్కలతో సహా ఉంది. అది ఆయన జీవితకాలంలో అచ్చుకాలేదు. సమగ్ర రచనల మొదటి సంపుటంలో చేరింది.