మన్యానికీ డెల్టాకీ నడుమ ఒక జ్వరం

రాజమండ్రి నుంచి గోకవరం వెళ్ళే బస్సు కోరుకొండ మీదుగా పోతుంది. ఆ రోడ్డే ఇంకా ముందుకు సాగితే రంపచోడవరం, మారేడుమిల్లి. వెనక్కి తిరిగితే ధవళేశ్వరం, అక్కణ్ణుంచి కాలవల దేశం. ఈ మెట్టప్రాంతంలో రక్తపు స్లైడులు చూసి బతికినవాణ్ణి కాబట్టి నాకు వైద్యంలో మొదటి పాఠం ఆ రోడ్డే. జ్వరంతో వచ్చిన మనిషి నాలుకైనా చూడకముందే మా డాక్టరుగారు అడిగే ప్రశ్న ఒకటుండేది: "ఈ మధ్య ఎటెళ్ళొచ్చావు?"

"వెదురు కూపులోకండి, రంపచోడవరం పైన" అంటే చీటీ సగం రాసేసినట్టే. "ఎక్కడికీ వెళ్ళలేదండి" అంటే అసలు పని అప్పుడు మొదలయ్యేది. మలేరియాకి పది పదిహేను రోజుల కిందటి ప్రయాణం అడగాలి. బోదకాలికి అది పనికిరాదు, ఏళ్ళ తరబడి కుట్టిన దోమల లెక్క అది. అందుకని ఆయన "నీ పుట్టిల్లు ఏ ఊరమ్మా?" అనేవారు. కోరుకొండ కోడలి గజ్జల్లో కట్టిన బిళ్ళకి కారణం ఆమె పుట్టిపెరిగిన డెల్టా ఊరి మురిక్కాలవలో ఉండొచ్చు. బోదకాలు కాటన్ దొర కాలవల వల్లే వచ్చిందని మా వైపు ముసలాళ్ళు అనేవారు. పారే నీటికి ఆ పాపం అంటదు. ఆ జబ్బుని మోసే క్యూలెక్స్ దోమ నిలవ మురుగునే కోరుకుంటుంది.

మన్యం జ్వరం పేరు పాతది. 1879-80 రంప పితూరీని అణచడానికి వచ్చిన పటాలాల్ని ఆ అడవి జ్వరం కూడా గట్టిగానే పడగొట్టింది. చెడ్డ గాలి వల్లో, కొండనీళ్ళ వల్లో వస్తుందనుకునేవాళ్ళు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాకే గాలీ నీళ్ళూ నిర్దోషులయ్యాయి. జ్వరమొచ్చినవాడికి మాత్రం అప్పటికీ క్వినైనే గతి. మద్రాసు రాజధానిలో దాన్ని నీలగిరుల్లోని నడువట్టం కర్మాగారంలో సింకోనా బెరడు నుంచి తీసేవారు. వైద్యుడికి అదే మందు, అదే పరీక్ష. తగ్గితే మలేరియా, తగ్గకపోతే ఇంకోటి. ఇప్పుడు వింటే మొరటుగా ఉంటుంది గానీ, స్లైడూ సూక్ష్మదర్శినీ ఉన్న మా కాలంలో మేము చేసింది కూడా దాదాపు అదే.

1958లో జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలై, డీడీటీ కొట్టి, కేసులు బాగా తగ్గాక అంతా అయిపోయిందనుకున్నారు. 1976కి దేశంలో ఒక్క ఏడాదే 64 లక్షలకు పైగా కేసులు తేలాయి. మరుసటి ఏడాది పద్ధతి మార్చారు. జ్వరం అన్నవాడికల్లా వేలు గుచ్చి స్లైడు తియ్యి, అక్కడికక్కడే నాలుగు క్లోరోక్విన్ బిళ్ళలు మింగించు. ఊళ్ళలో వర్కర్లు తీసిన స్లైడులు నా బల్ల మీదికి చేరేసరికి వారం దాటేది. ఈలోగా మనిషి ఒళ్ళు తేలికపడి కూలికి పోయేవాడు. స్లైడులో వైవాక్స్ రకం మలేరియా కనిపించిందని, ప్రైమాక్విన్ కూడా మింగాలని చెప్పడానికి వర్కరు ఇంటికెళితే, "తగ్గిపోయిందిగా బాబూ, మళ్ళీ మందెందుకు?" కాలేయంలో దాక్కున్నది కొన్ని నెలలకి మళ్ళీ లేచేది. అది పాత జ్వరమా, కొత్త దోమకాటా అని డాక్టరుగారు నన్నడిగేవారు. గాజుముక్క ఆ సంగతి చెప్పదు.

చెప్పకపోవడం సరే, కొన్నిసార్లు తప్పుదోవ కూడా పట్టిస్తుంది. ఫాల్సిపేరం రకం మలేరియాలో ముదిరిన పరాన్నజీవులు సన్న రక్తనాళాలకి అంటుకుపోయి వేలి రక్తంలోకి రావు. మన్యం నుంచి వచ్చిన మనిషి స్పృహ తప్పుతున్నా స్లైడు శుభ్రంగా ఉండొచ్చు. అలాంటప్పుడు మళ్ళీ మళ్ళీ గుచ్చాలి, మందు మాత్రం ఆపకూడదు.

బోదకాలిది ఇంకో తీరు. రాజమండ్రిలో అప్పటి జాతీయ అంటువ్యాధుల సంస్థకి అనుబంధంగా ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం ఉండేది. నేను నేర్చుకున్నది ఆ విద్యే. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో ఉండిపోయి, రాత్రి పొద్దుపోయాక ఒంటి పైరక్తంలోకి వస్తాయి. దోమ కుట్టే వేళ అదే కాబట్టి. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి నెత్తుట్లో వాటిని చూశాడు. కొన్నేళ్ళకి చైనాలో పాట్రిక్ మాన్సన్ ఈ రాత్రి సంచారం పసిగట్టాడు. పగలు తీసిన స్లైడులో ఏమీ లేకపోతే దానికి విలువ లేదన్నమాట.

అందుకని రాత్రి ఎనిమిదిన్నర దాటాక లాంతరో టార్చో పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళం. అన్నాలు తిని మంచాలు వాల్చుకున్నవాళ్ళని లేపి వేలు చాపమంటే ఎవడు చాపుతాడు? "రాత్రిపూట నెత్తురేంటండి, పొద్దున్న రండి" అనేవారు. కుక్కలు సరేసరి. ఇరవై ఘనపు మిల్లీమీటర్ల రక్తం గాజు మీద మందంగా పూసి, ఆరబెట్టి తెచ్చుకుంటే, తెల్లారేసరికి బొద్దింకలు తినేసేవి. చీమలు కూడా. స్లైడు పెట్టె కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టడం ఏ పుస్తకంలోనూ చదవలేదు, పాత సీనియరు చూపించాడు. పొద్దున్న నీళ్ళలో ముంచి ఎరుపు దించి, రంగు పట్టించి చూస్తే, తోక కొసలో కణాలు లేవంటే బాంక్రాఫ్టై రకం, రెండు చుక్కలుంటే మలేయై రకం. ఆరబెట్టని తడి రక్తంలో చూస్తే ఆ పిల్లలు వానపాముల్లా మెలితిరుగుతూ ఎర్రకణాల్ని తోసుకుపోతుంటాయి. ఇంటివాళ్ళకి ఒకసారి అది చూపిస్తే చాలు, మర్నాడు రాత్రి వాళ్ళే వేలు చాపుతారు.

చిక్కంతా స్లైడు దొరికాకే. కాలు ఏనుగుకాలంత అయినవాడి నెత్తుట్లో చాలామటుకు పురుగు పిల్లలు కనపడవు. కనపడేది దిట్టంగా నాగలి పట్టేవాడి నెత్తుట్లో. "నాకేం జబ్బు లేదండి, వాడికివ్వండి మందు" అని పక్కింటి వాపుకాలు చూపించేవాడు. పన్నెండు రోజులు డైఇథైల్ కార్బమజీన్ మింగమంటే, రెండో రోజుకి పురుగులు చస్తూ వాడికి జ్వరం, కళ్ళు తిరుగుడు. లేని జబ్బుని గవర్నమెంటువాళ్ళు తెచ్చిపెట్టారని ఊరంతా ప్రచారం. ఆ బిళ్ళ వెనక ఉన్నది మన గోదావరి మనిషేనని చెప్పినా లాభం లేకపోయేది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, అన్నదమ్ములిద్దర్ని స్ప్రూ జబ్బుకి పోగొట్టుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో దాన్ని తెచ్చింది 1947లో. మరుసటి ఏడాదే ఆయన పోయారు.

వాపుకాలితో చలి, జ్వరం వచ్చినవాళ్ళ విషయంలో మా తరం మొత్తం ఒక దారిన పోయింది. అది పురుగు రేపిన జ్వరమని నమ్మి ఆ బిళ్ళలే ఇచ్చేవాళ్ళం. వేళ్ళ సందుల్లో ఒరుసుకున్న చోటునుంచి మామూలు సూక్ష్మజీవులు దూరడం వల్లే ఆ దాడులు చాలావరకు వస్తాయని తర్వాత తేలింది. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు తడిలేకుండా తుడిస్తే జ్వరాలు తగ్గుతాయి. 2004 నుంచి ఊరందరికీ ఏడాదికోసారి ఒక్కపూట మోతాదు మింగించే పద్ధతి వచ్చింది. నెత్తుట్లో పురుగు పిల్లలు తగ్గడానికి అది మంచిదే. అప్పటికే ఉబ్బిన కాలికి మాత్రం సబ్బూ తువ్వాలూ కావాలి. వాటికి మా రిజిస్టరులో గడి ఉండేది కాదు.

టైఫాయిడ్ గురించి ఎక్కువ చెప్పను. ఫాల్గుణంలో కోరుకొండ నరసింహస్వామి తీర్థం అయ్యాక వచ్చే వాంతులూ విరేచనాలూ వేరు, మెల్లమెల్లగా మెట్లెక్కే ఈ జ్వరం వేరు. రక్తం కల్చర్ చేసే వీలు మాకుండేది కాదు. విడాల్ పరీక్ష ఉండేది. ఏళ్ళ తరబడి ఆ క్రిమి తగులుతూ ఉండే మన ఊళ్ళలో అది ఆరోగ్యవంతుడికి కూడా ఎంతోకొంత పాజిటివ్ చూపిస్తుంది. ఆ కాగితం పట్టుకుని ఏటా "టైఫాయిడ్ తిరగబెట్టిందండి" అని సెలైన్ ఎక్కించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు మలేరియాకి కిట్టు, డెంగీకి కిట్టు. పావుగంటలో గీత పడుతుంది. రెండూ పడకపోతే వైరల్ అనేసి పంపేస్తున్నారు. ఆ వైరల్ అన్నవాటిలో కొన్ని స్క్రబ్ టైఫస్ అని ఈమధ్య కాలంలో మన రాష్ట్రంలో గుర్తిస్తున్నారు. గట్ల మీద గడ్డి కోసేవాళ్ళకి నల్లిలాంటి సన్న పురుగు కుట్టి వచ్చేది అది. డాక్సీసైక్లిన్ పడితే రెండురోజుల్లో జ్వరం దిగుతుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పెచ్చు కడుతుంది, నొప్పుండదు కాబట్టి రోగికే తెలీదు. అందరికీ కనపడకపోవచ్చు, కనపడితే మందు మొదలుపెట్టడానికి ఇక పరీక్ష కోసం ఆగక్కర్లేదు. చంకలోనో, బొడ్డు దగ్గర చీర ముడి కిందో, గజ్జల్లోనో ఉంటుంది. చూడాలంటే ఒక పరదా, పక్కన ఒక నర్సమ్మ ఉండాలి. నేను చూసిన ఓపీ గదుల్లో చాలావాటికి పరదా లేదు.