కముజు వేట నుండి కలివికోడి దాక

ఐతన్న కలివికోడిని పట్టి ఈ జనవరికి నలువది సంవత్సరములు నిండినవి. కడప జిల్లా సిద్ధవటము చేరువనున్న రెడ్డిపల్లె వేటకాడాతడు. 1986 జనవరిలో ఒకనాటి రాత్రి, చేతిదీపపు వెలుగున, ముండ్లపొదల నడుమ ఆతడు పట్టిన పక్షి ఎనుబది యైదేండ్లుగా పండితుల కంటబడనిదియు, ఇక లేదని గ్రంథములకెక్కినదియు నగుటచేత, ఆ మారుమూల పల్లె పేరు దేశదేశముల పక్షిశాస్త్రజ్ఞుల నోట మెదలెను. రాయలసీమలో జరిగిన ఈ సంగతికిని, ఓడరేవుతోను ఉక్కుకర్మాగారముతోను పేరుపడిన మా విశాఖపట్టణమునకును సంబంధమేమని పాఠకులు శంకింపవచ్చును. ఆ పక్షికి తన పేరిచ్చిన దొర భారతదేశపు పక్షులను మొదట పరిశీలించినది మాకు ఉత్తరమున నున్న గంజాము సీమలోని తూర్పుకనుమలలోనే. అంతకన్న ముఖ్యమైన సంబంధము మరియొకటి కలదు. మన పక్షులను గూర్చి నేడు మనకు తెలిసినదంతయు మొట్టమొదట వేటకాండ్ర నోటనుండియు, వేటకుక్క ముక్కునుండియు వచ్చినదే గాని, పుస్తకములనుండి వచ్చినది కాదు. ఆ ఋణమును ఒకమారు తలచుకొనుటకు ఈ నలువదవ యేడు తగిన సమయమని నా యభిప్రాయము.

వేట మన దేశమున నేటిది కాదు. పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున సంతరించిన మానసోల్లాసమున, రాజులకు తగిన వినోదములలో సారమేయ వినోదమును, శ్యేన వినోదమును, లావుక పిట్టల పోరును వేరువేరుగా వర్ణించియున్నాడు. మనుచరిత్రములోని స్వరోచి వేటయు, కాళహస్తి మాహాత్మ్యములోని తిన్నని వేటయు ఎరుగని తెలుగు చదువరి యుండడు. ఆ వేటలలో జాగిలముల పని పందిని, లేడిని, దుప్పిని తరిమి నిలువరించుట. పిట్ట పని డేగది, వలది, ఉరిది. తమిళదేశమునకు వలసపోయి రాజపాళయమున స్థిరపడిన మన తెలుగు రాజులు పోషించి పేరు తెచ్చిన తెల్లని జాగిలము సైతము కంటితో చూచి కాలితో తరుము జాతికి చెందినదే. 2005లో తపాలాశాఖవారు స్వదేశపు కుక్కలకు ముద్రించిన నాలుగు బిళ్ళలలో దానికొకటి దక్కినది. ముక్కుతో వెదకి, పిట్టను కనుగొని, దానిమీదికి దూకక నిలిచిపోవు కుక్క మనకు ఆంగ్లేయులతోనే వచ్చినది.

ఆ నిలుచు విద్య చిత్రమైనది. ఏ వేటమృగమైనను ఎరపై లంఘించుటకు ముందు ఒక్కక్షణము కదలక ఆగును. ఆ క్షణమును తరతరముల సంతానమున ఎన్నికచేసి, నిమిషములదాక సాగదీసి, ఐరోపావారు పాయింటరును, సెట్టరును రూపొందించిరి. ఎగురుచున్న పిట్టను కొట్టగల తుపాకి రాకపూర్వము అచ్చటను వలయే సాధనము. కుక్క నేలకు కరచుకొని నిలువగా, వేటకాండ్రు వల తెచ్చి కుక్కమీదుగానే పిట్టల గుంపుపై కప్పెడివారు. తుపాకి వచ్చిన పిమ్మట కుక్క పడుకొనక నిలుచుట మేలైనది. గాలికి ఎదురుగా, పొలమున ఈ గట్టునుండి ఆ గట్టునకు అడ్డముగా పరుగిడుచున్న జాగిలము ఒక్కసారిగా వేగము తగ్గించును, తల ఎత్తును, ముక్కు, వెన్ను, తోక ఒకే గీతయై బిగుసుకొనును, ముందుకాలొకటి మడచి గాలిలోనే నిలుపును. ఎదుటి గడ్డిదుబ్బులో పూరేడు తన్నెవరును చూడలేదను ధైర్యమున నేలకంటుకొని కూర్చుండును. యజమాని నెమ్మదిగా నడచి వచ్చి పిట్టను లేపువరకు ఆ రెండు ప్రాణులును కదలవు. నేను వేటను మెచ్చువాడను గాను. అయినను ఆ నిలుపును చూచినవాడు కుక్కజాతి బుద్ధికి నమస్కరింపక మానడు.

మన నేలపై ఆ విద్యకు అడుగడుగున అడ్డంకులు కలిగెను. ప్రొద్దెక్కిన కొలది నేల కాగి వాసన ఇంకిపోవును గనుక, జాము పొద్దెక్కులోపలనే కుక్క పని ముగియవలెను. పల్లేరుకాయలును, రేగుముండ్లును అరికాళ్ళను చీల్చును. గోమారి కరచి జ్వరము తగిలి, ఓడలపై తెచ్చిన కుక్కలు మరణించుట సర్వసాధారణము. వీనికి తోడు మన కముజు నడవడి వేరు. ఆంగ్లదేశపు కముజు అణగి కూర్చుండును, మనది పరుగిడును. కుక్క నిలిచిన చోటినుండి కంచె క్రిందుగా జారి, నూరు గజముల కవతల లేచి, తుమ్మచెట్టెక్కునట్టి పిట్టతో పాయింటరేమి చేయగలదు? ఆలన్ ఆక్టేవియన్ హ్యూము, కాప్టెన్ మార్షలుతో కలసి 1879 నుండి 1881 వరకు మూడు సంపుటములుగా వెలువరించిన వేటపక్షుల గ్రంథము ఆనాటి తుపాకివీరులకు నిత్యపారాయణ గ్రంథమయ్యెను. 1885లో భారత జాతీయ మహాసభ స్థాపనకు నడుము కట్టిన హ్యూము ఈతడే యని మన విద్యార్థులకు చెప్పువారు తక్కువ. సిమ్లాలోని ఆయన యింట పక్షులను గూర్చిన వ్రాతప్రతులను ఒక సేవకుడు చిత్తుకాగితములుగా బజారున అమ్మివేయగా, ఆ పెద్దమనిషి మనసు విరిగి, తన మహాసంగ్రహమునంతయు లండను మ్యూజియమునకు దానము చేసెను.

కుక్క ఓడినచోట మన వేటకాడు దీమపు పిట్టతో గెలిచెను. తెల్లవారుజామున, గుడ్డ కప్పిన చిన్న పంజరమున పెంపుడు కముజు పుంజును తెచ్చి చేనిగట్టున నుంచి, చుట్టును సన్నని ఉరులొడ్డి, దూరమున పొదచాటున కూర్చుండును. గుడ్డ తీయగానే పుంజు మెడ నిక్కించి కూయును. ఆ పొలము తనదను అడవిపుంజు బదులు కూయుచు, రెక్కలు జార్చి, పోరుకు వచ్చును. వచ్చి ఉరిలో కాలు వేయును. ఇందు తుపాకి లేదు, కుక్క లేదు. పిట్ట మనసెరిగిన మనిషి మాత్రమే కలడు. విశాఖ మన్యమున చైత్రమాసపు ఇటుకల పండుగకు మగవారందరు ఊరు విడిచి వేటకు పోవుటయు, రిక్తహస్తులై వచ్చినవారిని ఆడువారు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేయుటయు పూర్వమునుండి వచ్చుచున్న ఆచారములే. 

ఇట్టి మనుష్యుల విద్యను మొదట గౌరవించి గ్రంథమునకెక్కించిన దొర థామస్ కావర్‌హిల్ జెర్డను. మద్రాసు సైన్యమున వైద్యుడై 1836లో మన దేశమున అడుగిడి, గంజాము సీమలో జ్వరములతోను రక్తవిరేచనములతోను బాధపడు సిపాయీలకు చికిత్స చేయ బంపబడినప్పుడు, తీరిక దొరికినంత మేర తూర్పుకనుమల పక్షులను చూచి వ్రాసికొనెను. పిమ్మట నెల్లూరున సివిల్ సర్జనుగా నుండి, 1847 నాటికి ఏబది వర్ణచిత్రములతో ఒక పక్షిచిత్రావళిని, 1862 నుండి 1864 వరకు భారతదేశపు పక్షులను గూర్చిన బృహద్గ్రంథమును ప్రచురించెను. ఆ గ్రంథమున పక్షుల శాస్త్రీయ నామముల సరసనే తెలుగు పేర్లును అచ్చుపడినవి. ఆ పేర్లు పండితులు చెప్పినవి కావు. వలలు భుజమున వేసికొని అడవులు తిరుగువారు చెప్పినవే యని వానిని చూచిన తెలుగువానికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆయన సంపాదించిన పక్షులలో, పొడవుకాళ్ళు గలిగి, రొమ్ముపై రెండు పట్టెలు ధరించి, నేలపై పరుగిడు ఒక చిన్న పిట్టకు కలకత్తాలోని బ్లైతు పండితుడు 1848లో శాస్త్రనామకరణము చేసెను. అదియే జెర్డను పేర ప్రసిద్ధమైన పక్షి. కలివిపొదల నాశ్రయించి యుండుటచేత మనవారికి కలివికోడి.

1900లో అనంతపురము ప్రాంతమున హోవర్డు క్యాంబెలు అను దొర దానిని చూచెను. ఆ వెనుక చీకటి. ఒకటి కాదు, రెండు కాదు, ఎనుబది యైదేండ్లు. హైదరాబాదు సంస్థాన పక్షులను 1931-32లో సర్వే చేసిన సాలిం అలీ దానికై వెదకెను. ఆయన వెనుక మరికొందరు వెదకిరి. ఎవ్వరికిని దొరకలేదు. కారణము పిట్ట అరుదగుట యొక్కటియే కాదు. వెదకినవారు పగలు వెదకిరి. వేటదొరలును, వారి జాగిలములును, పిమ్మట వచ్చిన దుర్భిణీల పండితులును తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదిరినంతనే మరలువారే. కలివికోడియో రాత్రి తిరుగునది. పగలెల్ల పొదలలో మట్టివన్నెలో కలసి కదలక యుండునది.

ఈ చిక్కుముడిని విప్పినది బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము పంపిన యువశాస్త్రజ్ఞుడు భరత్ భూషణును, రెడ్డిపల్లె ఐతన్నయు. భూషణు చేసిన తెలివైన పని యేమనగా, తానొక్కడే అడవిలో వెదకుట చాలించి, పల్లెలవెంట తిరుగుచు పిట్ట చిత్రమును వేటకాండ్రకు చూపి, ఇది మీకు తెలియునా యని అడుగుట. ఆ ప్రశ్న వేయుటకే శాస్త్రమునకు ఎనుబది యైదేండ్లు పట్టినది. దీపపు వెలుగునకు కన్ను చెదరి నిలిచిన పిట్టలను పట్టుట పరంపరగా ఎరిగిన ఐతన్నకు ఆ చిత్రము వింతగా తోచలేదు. పట్టి తెచ్చి చూపెను. అప్పటికి ఎనుబదితొమ్మిదేండ్ల వృద్ధుడైన సాలిం అలీ ఆ వార్త విని సిద్ధవటమునకు పయనమై వచ్చెను. బాల్యమున తానే గాలితుపాకితో కొట్టిన ఒక పిచ్చుక మెడపై పసుపు మచ్చను చూచి, అదేమి పిట్టయో తెలిసికొనబోయి పక్షిశాస్త్రమున ప్రవేశించిన మహానుభావుడాయన; వేటనుండి విద్యకు దారి యెట్లు పోవునో ఆయనకన్న ఎరిగినవారు లేరు. ఐతన్న పట్టిన పిట్ట కొలదిదినములకే మరణించెను. దాని చర్మము బొంబాయి సంఘమువారి సంగ్రహమున భద్రమై యున్నది. దాని పుణ్యమున 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము వెలసినది. తెలుగుగంగ కాలువ సయితము దారి మార్చుకొనవలసి వచ్చెను. పిట్టలు పట్టి జీవించు ఒక పేదవాని కన్ను ఒక మహాకాలువను ప్రక్కకు జరిపినదన్న మాట.

అటుపిమ్మట ఆ పిట్టను వెదకిన పరిశోధకుల పద్ధతిని గమనింపుడు. పొదల నడుమ సన్నని మట్టిని పరచి చదునుచేసి, తెల్లవారి దానిపై పడిన అడుగులను చదువుట. సందెవేళ పిట్ట కూతను వినిపించి బదులుకై చెవియొగ్గుట. మొదటిది జాడకాని విద్య, రెండవది దీమపు పిట్ట విద్య. 1917లో కోలారు బంగారుగనుల చెంత దొరికిన ఒక గ్రుడ్డు స్కాట్లండునందలి ఆబర్డీను విశ్వవిద్యాలయపు మ్యూజియమున బయటపడగా, అది కలివికోడిదేయని జన్యుపరీక్ష ధ్రువపరచుటయు ఈ శతాబ్ది ముచ్చటయే.

ఇక మా పట్టణపు సంగతి. ఇక్కడ కథ ఒకే దారిని నడువదు. ఉప్పుటేటి బురదనేలలను త్రవ్వి 1933లో రేవు తెరచిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధి ఉక్కుకర్మాగారమునకు శంకుస్థాపన చేసెను; 1992లో అది జాతికంకితమయ్యెను. పల్లెలు లేచిపోయినవి, ఆ పల్లెల చుట్టునున్న తాటితోపులు, డొంకలు, చవిటిపఱ్ఱలు చాలవరకు వానితోడనే పోయినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము కముజును, పూరేడును చిన్నవేటగా నెంచి లైసెన్సుపై కొంతకాలము సాగనిచ్చెను. 1991 సవరణతో ఆ లైసెన్సులును రద్దయినవి. అది జరుగవలసినదే, పిట్టలు మిగులుటకు వేరు దారి లేదు. నేడు బాటప్రక్క దుకాణములలో వేయించి అమ్మునది జపాను పూరేడు. 1974లో అమెరికానుండి ఇజ్జత్‌నగర్ పరిశోధనాలయమునకు తెచ్చి, గూళ్ళలో పెంచి వ్యాపింపజేసిన జాతి. పట్టణమునానుకొనియుండి, ఒకప్పుడు విజయనగరము మహారాజుల అధీనమున నుండిన కంబాలకొండ 2002లో అభయారణ్యమయ్యెను. జాగిలములు నేడు రేవునకును, కర్మాగారమునకును కాపుండు పారిశ్రామిక భద్రతాదళమువారి చేతులలో నున్నవి. అవి వెదకునది మందుగుండు.

వల మాత్రము పక్షికి మేలు చేయు చేతులలోనికి మారినది. విశాఖవాసి కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఆంధ్రప్రదేశ్ ప్రకృతిచరిత్ర సంఘమును నెలకొల్పి, లంబసింగి కనుమలలో సన్నని వలలొడ్డి, చిక్కిన పిట్టలను తూచి, కొలిచి, కాలికి కడియము తొడిగి విడిచిపెట్టెను. ఆయన అమెరికా పండితులగు రిప్లే, బీలరులతో కలసి విశాఖ కనుమల పక్షులపై వ్రాసిన వ్యాసము 1987-88 సంవత్సరములలో బొంబాయి సంఘపత్రికలో వెలువడినది. నేటికిని మా కొండలకు అదియే ఆధారము. బొంబాయి సంఘమువారు దేశమెల్లెడల పక్షులకు కడియములు తొడుగుటకు బీహారునందలి దర్భంగా ప్రాంతపు మీర్‌షికారులను, అనగా కులవృత్తిచే పిట్టలు పట్టువారిని, జీతమిచ్చి నియమించుకొనిరి. వలవలెనే కుక్కయు మేలు చేయగలదు. న్యూజీలండులో కివి, కకాపో అను పక్షులను వెదకుటకు మూతికి చిక్కము కట్టిన కుక్కలను పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి వాడుచున్నారు. అచ్చట పిట్టను చూపి నిలుచు జాగిలమునకు ప్రభుత్వమే పని కల్పించినది.

మన మన్యమున దీమపు కముజును పెంచినవారు, రాత్రివేళ దీపముతో తిరిగినవారు వృద్ధులైనారు. చట్టభయమున తమ విద్యను నోట పలుకుటకును జంకుచున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టి ఈ యేటికి నూరేండ్లు నిండించుకొనుచున్నది. జంతుశాస్త్ర విద్యార్థులనొక జట్టుగా చేసి, అటవీశాఖ హామీపత్రము వెంటనిచ్చి, పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు పల్లెలకు పంపి, ఏ పిట్ట ఏ ఋతువున ఏ పొదలో గ్రుడ్డు పెట్టునో, దాని కూతకు అచ్చట పేరేమో ఆ ముసలివారి నోటనే రికార్డు చేయించినచో, ఖర్చు ఒక సభామండపపు అలంకరణకైనంత కాదు. పని వచ్చు చైత్రమున, ఇటుకల పండుగకు ఊరివారందరు ఒక్కచోట చేరినప్పుడే, మొదలుపెట్టవచ్చును.