ముందు కర్ర, వెనుక సిద్ధాంతం

ఫాసిజం మొదట సిద్ధాంతంగా పుట్టి, పిమ్మట ఆచరణలోకి వచ్చిందనే అభిప్రాయం మన విద్యార్థులలో బలంగా ఉంది. తరగతిలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "డాంటే పుట్టిన దేశం దీన్నెలా నమ్మింది మాస్టారూ?"

చరిత్ర చూస్తే ఈ ప్రశ్నే తలకిందులుగా ఉన్నదని తోస్తుంది. 1919 మార్చి 23న మిలాన్ నగరంలో ముస్సోలినీ తన దళాన్ని స్థాపించాడు. ఆ ఏడాది ప్రకటించిన కార్యక్రమంలో ఎనిమిది గంటల పనిదినం, స్త్రీలకు ఓటుహక్కు, ధనికులపై పన్ను కూడా ఉన్నాయి. అయినా నవంబరు ఎన్నికలలో వారికి ఒక్క స్థానమూ దక్కలేదు. సోషలిస్టులకు 156 వచ్చాయి. జనం నమ్మలేదన్నమాట. మరి మూడేళ్లలో అతడు ప్రధాని ఎలా అయ్యాడు?

జవాబు పో నదీలోయ పొలాలలో ఉంది. అక్కడి వ్యవసాయ కూలీలు సంఘాలు కట్టి, పని ఎవరికివ్వాలో, కూలి ఎంతివ్వాలో భూస్వాములకు చెప్పగల స్థితికి వచ్చారు. 1920 సెప్టెంబరులో నగర కార్మికులు కర్మాగారాలను ఆక్రమించారు. కలవారి గుండె జారింది. ఆ చలికాలం నుంచి ఫెరారా, బొలోన్యా ప్రాంతాలలో నల్లచొక్కాల దళాలు లారీలెక్కి వచ్చి సంఘ భవనాలు తగలబెట్టాయి. కూలి నాయకుల చేత బలవంతాన ఆముదం తాగించాయి. డబ్బు భూస్వాములది. పోలీసులు చాలాచోట్ల చూస్తూ ఊరుకున్నారు. 1921 ఎన్నికలలో ఉదారవాది అనిపించుకున్న ప్రధాని జొలిట్టి ఫాసిస్టులను తన కూటమిలో చేర్చుకోగా వారికి 35 స్థానాలు లభించాయి. మనవైపు తప్పునూ దాచుకోరాదు: ఆ జనవరిలోనే సోషలిస్టు పార్టీ చీలిపోయింది. 1922 అక్టోబరులో ఫాసిస్టులు రోమ్ మీదికి కదిలినప్పుడు సైనిక శాసనంపై రాజు సంతకం పెట్టలేదు. ముస్సోలినీ రైలెక్కి వచ్చి పదవి అందుకున్నాడు. అది గెలుచుకున్న అధికారం కాదు, అప్పగించిన అధికారం.

ఇక సిద్ధాంతమంటారా? అది ముస్సోలినీ పేరిట విజ్ఞాన సర్వస్వంలో అచ్చయింది 1932లో! అందులో తత్త్వవేత్త జెంటిలే చేయి ఉంది. రాజ్యమే సర్వం, అందులో వర్గపోరాటానికి తావులేదన్నది దాని సారం. కూలి సంఘాలను కాల్చినవారికి ఈ మాట ఎంత అవసరమో వేరే చెప్పాలా?

సాహిత్యం బోధించేవాణ్ణి గనుక నన్ను కలవరపెట్టేది మరొకటుంది. చేయి చాచే వందనం, మేడమీంచి జనంతో సంవాదం వంటి తంతునంతా 1919-20లో ఫ్యూమే నగరంలో ముందే ఆడి చూపినవాడు దనున్‌జియో అనే కవి. 1924 జూన్‌లో సోషలిస్టు సభ్యుడు మత్తెయొత్తి, ఎన్నికల అక్రమాలను పార్లమెంటులో ఎండగట్టిన కొద్దిరోజులకే హత్యకు గురయ్యాడు. ఎం.ఏ.లో నేను భక్తితో చదివిన క్రోచే ఆ తరువాత కూడా సెనేటులో ప్రభుత్వానికే ఓటేశాడు. 1925లో ఫాసిస్టు వ్యతిరేక ప్రకటన రాశాడు. అందుకాయనను గౌరవిస్తాను, ఆ ఆలస్యాన్ని మాత్రం మరువలేను. ఏళ్ల తరబడి ఆయన సౌందర్యసిద్ధాంతం పాఠం చెప్పి, ఈ సంగతి ఎత్తకుండానే తరగతి ముగించినవాణ్ణి నేను.

1931లో విశ్వవిద్యాలయ ఆచార్యులందరూ ప్రభుత్వానికి విధేయతా ప్రమాణం చేయాలన్నారు. సుమారు 1200 మందిలో కాదన్నవారు పన్నెండుమందికి కాస్త అటూ ఇటూ. సంతకం పెట్టినవారంతా నమ్మి పెట్టారా? జీతం, పింఛను, పిల్లల చదువులు వారి కళ్లముందు మెదిలి ఉంటాయి. ఆ విద్యార్థి ప్రశ్నకు నేను చెప్పగల జవాబు ఇదే: నమ్మినవారికంటె సంతకం పెట్టినవారే ఎక్కువ. ఆ జాబితాలో నా పేరు ఎటువైపు ఉండేదో, నిజాయితీగా చెప్పమంటే, తడుముకోవలసే వస్తుంది.