ఎండకూ ఒక కాటా: సోలార్ ప్లాంట్లలో పైరానోమీటర్ కాలిబ్రేషన్

కాటా అంటే ఏమిటో బోధన్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2015 చివర్లో మూతపడేదాకా నిజాం షుగర్స్‌కు చెరకు తోలిన రైతులకు, తూకంలో కొద్ది తేడా వచ్చినా సీజన్ మొత్తానికి ఎంతవుతుందో బాగా తెలుసు. సోలార్ ప్లాంటులో ఎండను తూచే కాటా పేరు పైరానోమీటర్. పీఎం కుసుమ్ పథకంలో రైతులు తమ భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు ప్లాంటు పెట్టుకునే వీలుంది. అందుకే దీని సంగతి తెలిసి ఉండాలి.

పరికరం చిన్నదే. గాజు బుడగ కింద నల్లపూత పూసిన బిళ్ల ఉంటుంది. ఎండకు ఆ బిళ్ల వేడెక్కితే, బిళ్లకూ పరికరం అడుగుభాగానికీ మధ్య ఉన్న వేడి తేడా వల్ల అతి చిన్న వోల్టేజీ పుడుతుంది. చదరపు మీటరుకు ఒక వాట్ ఎండకు 10 మైక్రోవోల్టులు ఇస్తుందనుకోండి. 8.5 మిల్లీవోల్టులు వస్తే ఎండ 850 వాట్లన్నమాట. ఈ 10 అనే అంకెను సెన్సిటివిటీ అంటారు. లెక్కంతా దీనిమీదే నడుస్తుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఏళ్ల తరబడి ఎండలో ఉండి నల్లపూత వెలిస్తే ఆ 10 కాస్తా 9.8 కావచ్చు. కంప్యూటర్‌లో మాత్రం పాత 10 అలాగే ఉంటుంది. నిజంగా 850 వాట్ల ఎండ కాస్తుంటే 833 అని చూపిస్తుంది. ‘ఎండే తక్కువ, అందుకే కరెంటు తక్కువ’ అని రిపోర్టు వస్తుంది. ప్యానెళ్లలో లోపం ఉన్నా బయటపడదు. ఏడాదికి 15 లక్షల యూనిట్లు ఇచ్చే ఒక మెగావాట్ ప్లాంటులో 2 శాతం అంటే 30 వేల యూనిట్లు! మీటరు ఎక్కువ చూపిస్తే కథ తిరగబడుతుంది, బాగా పనిచేసిన కాంట్రాక్టరు అనవసరంగా జరిమానా కడతాడు.

కాలిబ్రేషన్ అంటే ఆ అంకెను మళ్లీ తేల్చడం. నమ్మకమైన రిఫరెన్స్ పరికరం పక్కనే మన పరికరాన్ని సమతలంగా పెట్టి, మబ్బులేని రోజు రెండింటి రీడింగులూ వరుసగా తీసుకుని పోలుస్తారు. ఈ పద్ధతికి ఐఎస్ఓ 9847 ప్రమాణం ఉంది. ల్యాబులో దీపం కింద కూడా చేస్తారు. మరి ఆ రిఫరెన్స్ సరైనదని ఎవరు చెప్పాలి? ఆ గొలుసు చివరికి స్విట్జర్లాండ్‌లోని దావోస్‌కు చేరుతుంది. ఎండ ఇచ్చే వేడిని అంతే వేడి పుట్టించే కరెంటుతో పోల్చి కొలిచే మూల పరికరాలు అక్కడి ప్రపంచ రేడియేషన్ కేంద్రంలో ఉన్నాయి. మన దేశంలో పుణెలోని వాతావరణ శాఖ, చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ ఈ పని చూస్తాయి. 2011లో దేశంలో 51 చోట్ల సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రాలు మొదలుపెట్టింది ఆ చెన్నై సంస్థే, అప్పట్లో దాని పేరు సీ-వెట్.

బయట పోల్చేటప్పుడు సూర్యుడు బాగా పైకొచ్చిన వేళ మేలు. అది గడియారం 12 గంటలు కాదు. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, బోధన్ దాదాపు 77.9 దగ్గర ఉంది. కాబట్టి ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12:18కి. నవంబరు మొదట్లో 12:02, ఫిబ్రవరిలో 12:33 దాకా మారుతుంది. మస్జిదులో జవాల్ టైమ్‌టేబుల్ చూసేవారికి ఇది కొత్త కాదు.

సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కాలిబ్రేషన్ చేయిస్తారు. ఖర్చు ఎవరిదో నిర్వహణ ఒప్పందంలో ముందే రాయించుకోండి. సర్టిఫికెట్‌లో పరికరం సీరియల్ నంబరు, తేదీ, కొత్త సెన్సిటివిటీ ఉండాలి. ఆ కొత్త అంకెను కంప్యూటర్‌లో ఎక్కించారా లేదా అన్నది కూడా అడగాలి. సర్టిఫికెట్ ఫైలులో పెట్టి, పాత అంకెతోనే నడిపితే చేయించి ఏం లాభం?

గాజు బుడగను మాత్రం కాలిబ్రేషన్ దాకా ఆగకుండా తుడుస్తూ ఉండాలి. ప్యానెళ్ల మీదా బుడగ మీదా ఒకేలా దుమ్ము పడితే రెండూ కలిసి తగ్గుతాయి, నష్టం కనిపించదు. రాత్రిపూట సున్నాకు కాస్త కింద రీడింగ్ చూపిస్తే కంగారు పడొద్దు. బుడగ తన వేడిని ఆకాశానికి వదులుతుంది, అంతే.

ఇంటిపైన మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకున్నవారికి ఇవేవీ అవసరం లేదు. పక్కింట్లో అంతే సైజు, అదే వాలులో ఉంటే నెలనెలా యూనిట్లు పోల్చి చూసుకుంటే చాలు.